పైకి పంపే నివేదిక, ఊరికి చెప్పని లెక్క

"అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదన్నా, ఇంక దాచేదానికి యాడుంది?" బుక్కరాయసముద్రంలో పంచాయతీ పనుల ఊసెత్తితే ముందుగా వినపడే మాట ఇది. టీ అంగడి దగ్గర కుర్రాళ్లు ఇదే అంటారు, మండలాఫీసు వరండాలో నిలబడినవాళ్లూ ఇదే అంటారు. అనంతపురంలో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవారు దీన్నే కొంచెం సాగదీసి చెబుతారు. ఊరికి ప్రణాళిక ఉంది, ప్రతి పనికీ ఒక నంబరుంది, ఫోటో ఉంది, శాతం ఉంది, చివర మార్కు కూడా ఉంది. కాబట్టి ఊరు ముందుకెళ్తోందా లేదా అన్నది ఇక ఎవరి అభిప్రాయమూ కాదట, తెర మీద కనపడే అంకె అట. గ్రామసభలో గంటసేపు అరుచుకునే బదులు ఆ అంకె చూసుకుంటే చాలునట.

ఇంతమంది ఈ మాట నమ్మడానికి కారణాలున్నాయి. ఇరవై ఏళ్ల కిందట పంచాయతీ పని ఎంతైందో, బిల్లు ఎంత పెట్టారో ఊళ్లో నలుగురికి మించి తెలిసేది కాదు. పని కొలతలు రాసే ఎంబుక్ ఇంజినీరు దగ్గర, చెక్కుబుక్కు ఇంకొకరి దగ్గర, లెక్క దేవుడి దగ్గర ఉండేవి. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ వచ్చింది. ఏ పంచాయతీ ఏ పని ఒప్పుకుంది, ఎంత చెల్లించింది అన్నది ఫోనున్న ఎవరైనా చూడొచ్చు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దేశంలోని పంచాయతీలకు మార్కులు కూడా వేసింది. తొమ్మిది అంశాలు, 435 సూచికలు, 566 రకాల సమాచారం, నూటికి ఇన్ని అని మార్కు, దాన్నిబట్టి గ్రేడు. కొలిస్తే సరిదిద్దుకోవచ్చు, పోలిస్తే పోటీ పెరుగుతుంది, ఫోటో ఉంటే మోసం జరగదు అన్నది ఈ వాదం సారాంశం. పాత చీకటితో పోలిస్తే ఇది వెలుగేనని నేనూ ఒప్పుకుంటాను. ఆ పోర్టల్ మూసేయమని ఎవరైనా అంటే మొదట అడ్డుపడేది నేనే.

అయినా ఈ అభిప్రాయం తప్పు. ఎక్కడెక్కడ తప్పో వరసగా చెబుతాను.

ఒకటి: శాతంలో ప్రాధాన్యం మాయమవుతుంది

ఒక ఊరి ప్రణాళికలో పది పనులున్నాయనుకుందాం. అందులో ఒకటి ఎస్సీ కాలనీకి తాగునీటి పైపు. మిగతా తొమ్మిదీ సిమెంటు రోడ్లు, కాలవలు, ఒక ప్రహరీ గోడ. గ్రామసభలో జనం మొట్టమొదట అడిగింది పైపు. ఏడాది తిరిగేసరికి తొమ్మిది పనులు పూర్తయ్యాయి, పైపు పడలేదు. తెర మీద ఆ ఊరు 90 శాతం. సమీక్షలో శభాష్ అనిపించుకుంటుంది. కాలనీ ఆడవాళ్లు మాత్రం పోయినేడు ఎక్కడ బిందెలు పెట్టారో ఈ ఏడూ అక్కడే పెడతారు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తొమ్మిది పనులూ నిజంగా అయినవే. తప్పు కొలతలోనే ఉంది. మొదటి ప్రాధాన్యాన్నీ పదో ప్రాధాన్యాన్నీ ఒకే విలువ కట్టి కూడితే వచ్చే అంకె ప్రాధాన్యాల గురించి ఏమీ చెప్పదు. పైగా అది కష్టమైన పనిని వాయిదా వేయమని నేర్పుతుంది. పైపు వేయాలంటే రోడ్డు కోయడానికి అనుమతి కావాలి, ఎవరిదో పొలం గట్టు దాటాలి, ట్యాంకు దగ్గర ఎత్తు చాలాలి. సిమెంటు రోడ్డుకు ఈ తలనొప్పులేవీ లేవు. నెలనెలా శాతం చూపించాల్సిన కార్యదర్శి ఏ పని ముందు పెడతాడు? అతన్ని తిట్టి లాభం లేదు. అతని చేతికిచ్చిన కొలబద్ద అతన్ని అటే తోస్తుంది.

పనుల సంఖ్య బదులు ఖర్చు చూద్దామంటారు కొందరు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల నిధుల్లో 60 శాతాన్ని కట్టేసింది. సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మంచిదే. కానీ ఆ కట్టుబాటు పద్దు పేరు దగ్గర ఆగిపోతుంది. తాగునీటి పద్దు కింద ఖర్చైన రూపాయి ఏ వీధికి చేరిందో అది చెప్పదు. లెక్క మూసే తేదీ చూడండి, మార్చి 31. మా అనంతపురం వైపు నీటికి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేలలో, బోర్లు వట్టిపోయే కాలానికి ముందే తాగునీటి లెక్కను సంతృప్తికరంగా మూసేస్తున్నాం.

ఇంకో సంగతి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు కొళాయి ద్వారా ఇస్తానంది. ఆ పథకంలోనే రెండు మెట్లున్నాయి. ఇంటింటికీ నీరు చేరిందని శాఖ నమోదు చేయడం మొదటి మెట్టు. గ్రామసభ కూర్చుని, నిజమే, వస్తోందని తీర్మానం చేస్తే ధ్రువీకరించినట్టు. అది రెండో మెట్టు. అంటే ఆన్‌లైన్ అంకె ఒక్కటే చాలదని ఆ అంకెను తయారుచేసే పథకమే ఒప్పుకుంది. అంతా తెర మీద ఉందని వాదించేవారు ఈ రెండో మెట్టు మాట ఎందుకెత్తరు?

రెండు: ఫోటో సాక్ష్యం కాదు

ఫోటో ఉంటే మోసం ఉండదన్న నమ్మకం ఏమైందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. ఉపాధి హామీ పనుల్లో హాజరు మొబైల్ యాప్‌లో వేయాలని, రోజుకు రెండుసార్లు పనిచోట ఫోటో తీసి పెట్టాలని 2023 జనవరి 1 నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. ఎండలో పనిచేసే ఆడవాళ్లు సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సి వచ్చినా, ఫోటో ఎక్కలేదని కూలి పోయినా, పారదర్శకత కోసం తప్పదన్నారు. రెండున్నరేళ్లు గడిచాక, 2025 జులైలో, అదే గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో ఏముంది? పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని, ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నారని, ఫోటోలో ఉన్న మనుషుల లెక్కకూ హాజరు లెక్కకూ పొంతన లేదని ఉంది. మందు ఏం చెప్పింది? పంచాయతీ స్థాయిలో ఆ ఫోటోలన్నిటినీ మనుషులే కూర్చుని తనిఖీ చేయాలంది. మనిషిని నమ్మలేక యంత్రం పెట్టారు, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు. మధ్యలో కూలి పోగొట్టుకున్నవాళ్ల ఊసు ఎవరికీ లేదు.

నూటికి నూరు అన్న ప్రకటనల గతీ ఇంతే. 2019 అక్టోబరు 2న దేశంలో బహిరంగ మలవిసర్జన లేదని ప్రకటించారు. కట్టిన ప్రతి మరుగుదొడ్డికీ ఫోటో ఉంది. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 19 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. మరుగుదొడ్లు కట్టలేదని కాదు, కట్టినవి కట్టినవే. ఎన్ని గోడలు లేచాయో ఫోటో చెబుతుంది. దొడ్లోకి నీళ్లు వస్తున్నాయా, గుంత నిండితే తోడేవారున్నారా, ఇంట్లో ముసలామె అందులోకి వెళ్తోందా అన్నది అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి ఎవరో గడప దాకా రావాలి.

అలా గడప గడపకూ వెళ్లి అడగడం ఎలాగో దేశానికి చూపించింది మన జిల్లానే. ఉపాధి హామీ పథకం మొదలైంది మన పక్క మండలం నార్పలలో, బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. అది అందరికీ గుర్తుంది. అదే ఏడాది అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. అది అంతగా ఎవరికీ గుర్తులేదు. ఊరి కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్ చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. "అమ్మా, నీ పేరు మీద ఆరు దినాల కూలి రాసినారు, నువ్వు ఎన్ని దినాలు పోయినావు? చేతికెంత వచ్చింది?" అని అడగడం, రాసుకోవడం, ఆపైన రచ్చబండ దగ్గర అందరి ముందూ చదవడం. చదివేటప్పుడు మేట్ అక్కడే ఉంటాడు, ఫీల్డ్ అసిస్టెంట్ ఉంటాడు, పోస్టాఫీసు మనిషి ఉంటాడు. ఆఖర్న మండలంలో ప్రజావేదిక. 2009లో ఆంధ్రప్రదేశ్ ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఈ తనిఖీ బాధ్యతను గ్రామసభ మీదే పెట్టింది.

ఆ పద్ధతికీ లోపాలున్నాయి. దొరికిన సొమ్ము తిరిగి వసూలు చేయడంలో బాగా వెనకబడింది. తప్పు చేశాడని తేలినవాడు కొంతకాలానికి ఇంకో పేరుతో ఇంకో పనిలో కనపడటమూ జరిగింది. కానీ ఆ రెండు మూడు గంటల్లో ఊరు తన లెక్క తాను విన్నది. ఎదురు ప్రశ్న వేసింది. తెర ముందు కూర్చున్నవాడికి ఎదురు ప్రశ్న వేసే అవకాశం లేదు. "ఇది మా వీధి ఫోటో కాదు" అని చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకోవాలి? పోర్టల్‌కు చెవులు లేవు.

మూడు: మార్కు ఎవరు వేశారు, ఎప్పుడొచ్చింది, ఎవరికి చెప్పారు?

2025 ఏప్రిల్‌లో వచ్చిన పంచాయతీ పురోగతి సూచిక ఏ ఏడాదిది? 2022-23 ఆర్థిక సంవత్సరానిది. ఆ ఏడాది లెక్క మూసేశాక రెండేళ్లకు మార్కు చేతికొచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గానికి ఐదేళ్ల గడువులో నాలుగేళ్లు దాటాక తొలి మార్కు తెలిసిందన్నమాట. దాన్ని చూసి దారి మార్చుకోవడానికి మిగిలిన కాలం ఎంత?

ఇక ఆ ఫలితాలు. 2,16,285 పంచాయతీల సమాచారాన్ని లెక్కలోకి తీసుకున్నారు. పై గ్రేడు ఒక్క పంచాయతీకీ రాలేదు. దాని కింది గ్రేడు 699కి వచ్చింది. ఆ తర్వాత 77,298. దాని కింద 1,32,392. అట్టడుగున 5,896. అంటే నూటికి అరవైకి పైగా పంచాయతీలు ఒకే గడిలో పడ్డాయి. అంత వెడల్పయిన గడిలో పక్క ఊరికీ మనకూ తేడా ఏం తెలుస్తుంది? ఇంకో లెక్క చూడండి. ముందు వరసలో నిలిచిన 699లో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. రెండు రాష్ట్రాలకే 616. మిగతా రాష్ట్రాలకు మిగిలింది 83. మూడు దశాబ్దాలుగా పంచాయతీలకు ఆదర్శంగా చెప్పుకునే కేరళ ఉన్న దేశంలో ఈ అంకెలు చూసి రెండు రకాలుగా అనుకోవచ్చు. ఆ రెండు రాష్ట్రాల ఊళ్లు మాత్రమే అద్భుతంగా ఉన్నాయని ఒకటి. ఆ రెండు రాష్ట్రాల అధికారులు పట్టికలు బాగా నింపారని రెండోది. ఏది నిజమో ఆ సూచికలోంచి తేల్చుకునే దారి లేదు, ఎందుకంటే పట్టిక నింపేది ఏ వ్యవస్థ పనితీరును కొలుస్తున్నామో ఆ వ్యవస్థే. పిల్లవాడు పరీక్ష రాసి, తానే దిద్దుకుని, ప్రోగ్రెస్ కార్డు నాన్నకు చూపించకుండా హెడ్మాస్టరుకు ఇచ్చినట్టుంది.

ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. ఇంగ్లండులో 2008లో స్థానిక సంస్థలకు 198 జాతీయ సూచికలు పెట్టారు. రెండేళ్లకే, 2010లో, వాటిని ఎత్తేశారు. స్థానిక సంస్థలను తనిఖీ చేయడానికి 1983లో పెట్టిన ఆడిట్ కమిషన్‌ను 2015కల్లా మూసేశారు. మూసేయడం మంచిదైందా కాదా అని అక్కడ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కానీ సూచికలు పెరిగేకొద్దీ కౌన్సిళ్ల బుద్ధి ఊరి మీద నుంచి పట్టిక మీదికి మళ్లిందన్న ఫిర్యాదు అక్కడా గట్టిగానే వినపడింది. మనం 198 కాదు, 435తో మొదలుపెట్టాం.

అసలు ప్రశ్న ఇంకొకటుంది. ఈ లెక్క ఎవరికి చెబుతున్నారు? 2018 ఆగస్టులో మన రాష్ట్రంలో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులు. పక్కనున్న అనంతపురం నగరపాలక సంస్థకూ 2019 నుంచి 2021 మార్చి దాకా కౌన్సిల్ లేదు. ఆ కాలంలోనూ ప్రణాళికలు అప్‌లోడ్ అయ్యాయి, శాతాలు పైకి వెళ్లాయి. ఎన్నికైన సభ లేకపోయినా, అడిగే సభ్యుడు లేకపోయినా, పురోగతి నివేదిక మాత్రం ఆగలేదు. కౌన్సిల్ లేకుండానే కౌన్సిల్ ప్రాధాన్యాల పురోగతిని చూపించగల వ్యవస్థ ఎవరికోసం పనిచేస్తున్నట్టు? ఓటేసినవాడికి చెప్పాల్సిన జవాబును వీడియో కాన్ఫరెన్సులో కలెక్టరుకు చెప్పి సరిపెట్టుకుంటున్నాం.

నాలుగు: చెరువు ఏ గడిలో ఉంది?

బుక్కరాయసముద్రం అనే ఊరు పుట్టిందే చెరువు వల్ల. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 14వ శతాబ్దంలో పండమేరుకు అడ్డంగా కట్టించాడని చెప్పుకునే ఈ చెరువుకు ఒక కొసన మన ఊరు, ఇంకో కొసన అనంతపురం. ఊరి ప్రాధాన్యాలు రాయమని ఇక్కడి ముసలివాళ్లను అడిగితే మొదటి మూడింటిలో చెరువు లేకుండా ఎవరూ రాయరు. మరి ఈ చెరువు బాగోగుల పురోగతి ఎక్కడ నమోదవుతుంది?

కట్ట, తూము, మరువ జలవనరుల శాఖవి. ఒక పక్క నివాసాలు పంచాయతీవి. ఇంకో పక్క నగరపాలక సంస్థవి. నీళ్లు తెచ్చే వంకల మీద ఎవరి లెక్క వారిది. పంచాయతీ సూచికలోని తొమ్మిది అంశాల్లో నీటి సమృద్ధి ఒకటి. పచ్చదనం, పరిశుభ్రత ఒకటి. ఆ పట్టికలో పంచాయతీ సరిహద్దు లోపలున్నవి పడతాయి. రెండు స్థానిక సంస్థల మధ్య, ఒక శాఖ చేతిలో ఉన్న చెరువు ఎవరి మార్కులోనూ పూర్తిగా పడదు. ఎవరి మార్కులో పడనిదాని గురించి ఎవరికి బెంగ? 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, కరువు జిల్లాలో వరదేమిటని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. వంకల దారులు ఏళ్ల తరబడి ఇరుకవుతుంటే ఏ తెర మీదా ఎర్ర గుర్తు వెలగలేదు. వంక ఇరుకవడం ఏ పథకం కిందా 'పని' కాదు కదా.

బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించి శాసనం వేయించాడు. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, చెరువుకు పట్టగల ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట నీరు కారడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒక దోషం. నీరు తక్కువ, తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఒక దోషం. ఆరున్నర శతాబ్దాల కిందటి మనిషి సరిహద్దు చెరువు సమస్యను దోషాల్లో రాసిపెట్టాడు. 566 రకాల సమాచారం అడిగేవారికి మన చెరువు రెండు సంస్థల సరిహద్దున ఉందన్న సంగతి రాసుకోవడానికి చోటే లేకపోయింది.

ముసలమ్మ కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఈ చెరువు కట్ట తెగబోతుంటే ఊరి కోసం తనను తాను బలిచ్చుకున్న కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే కావ్యం చేశారు. ఆమెకు దణ్ణం పెట్టుకుంటాం, పెట్టుకోవాల్సిందే. కానీ కట్ట అంత పని అయ్యేదాకా దాన్ని ఏడాదేడాదీ చూడాల్సినవాళ్లు ఏం చేశారన్న భాగం కథలో లేదు, మనమూ అడగం. సంరక్షణ ఎప్పుడూ అంతే. సరిగ్గా జరిగితే కనపడదు, జరగకపోతే ఒక్క రాత్రిలో కనపడుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు దాని ఎగువ కాలువ హెచ్చెల్సీ మీద బతికే ఈ జిల్లా అంతా ఆ రాత్రి నిద్రపోలేదు. కొత్త పనుల జాబితా చూసే పద్ధతికి పాత గొలుసు కనపడదు. సత్యసాయి నీటి పథకం 1990ల మధ్యలో అప్పటి ఉమ్మడి జిల్లాలో 731 గ్రామాలకు నీళ్లు తెచ్చింది. దాని విలువ ఇప్పుడు పైపుల పొడవులో లేదు, వారంలో ఎన్ని రోజులు నీళ్లొస్తున్నాయన్న దాంట్లో ఉంది. ఆ లెక్క ఏ ఊరి పంచాయతీ గోడ మీదైనా ఉందా?

పాతకాలంలో ఆయకట్టుకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎంత ఎత్తాడో, ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టాడో అతను జవాబు చెప్పాల్సింది రైతులకు. ధాన్యం కొలిచేది వాళ్లే కాబట్టి. ఆ వ్యవస్థలో కులం ఉంది, పెత్తనం ఉంది, దాన్ని వెనక్కి తెమ్మనడం లేదు. కానీ నీటి లెక్క నీరు తాగేవాడికి చెప్పాలన్న పద్ధతి అందులో ఉండేది. దాన్ని పారేసి ఇంకేం తెచ్చుకున్నాం?

ఐదు: "జనం రారు, వచ్చినా పింఛన్లే అడుగుతారు"

ఇంతదాకా ఒప్పుకున్నవాళ్లు కూడా ఇక్కడ అడ్డుపడతారు. గ్రామసభకు ఎవరొస్తారు? వచ్చినవాళ్లు పింఛను, ఇంటి స్థలం తప్ప ఇంకోటి మాట్లాడరు. అందుకే ఆ తలనొప్పి లేకుండా లెక్కంతా ఆన్‌లైన్‌లో పెట్టడమే మేలు.

జనం ఎందుకు రారో ఈ వాదన చెప్పదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ప్రపంచ రికార్డు అన్నారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శాఖ చేసిన ఏర్పాటు అది. చాలాచోట్ల జనం బాగానే వచ్చారు, పనులు ఎంచుకున్నారు. అక్టోబరు 14 నుంచి 20 దాకా పల్లె పండుగ పేరుతో 4,500 కోట్ల రూపాయల విలువైన 30,000 పనులకు శ్రీకారం చుట్టారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. కానీ రికార్డు ఎక్కింది సభల సంఖ్య. పండుగ జరిగింది ప్రారంభాలకు. ఆ రోజు మా ఊరు ఏం అడిగింది, అందులో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అని అదే జనాన్ని మళ్లీ కూర్చోబెట్టి చదివి వినిపించే రోజుకు రికార్డు ఎవరూ పెట్టలేదు. అడిగించుకుని జవాబు చెప్పకపోతే రెండోసారి ఎవరొస్తారు? పింఛను ఒక్కటే అడుగుతారంటే, అడిగితే వచ్చేది అదొక్కటే అని వాళ్లకు అనుభవం నేర్పింది.

సర్పంచి చేతిలో డబ్బే లేనప్పుడు ఆయన్ను ఏం అడగాలన్నది ఇంకో మాట. ఇది నిజమే, అందుకే అడగాలి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద డిస్కంలకు జమ చేసిందని పార్టీలతో సంబంధం లేకుండా సర్పంచులు రోడ్డెక్కారు. ఆ ఏడాది ఒక ఊళ్లో పైపు పడకపోతే, డబ్బు ఖాతాలోంచి పోయింది కాబట్టి పడలేదన్న ఆ ఒక్క వాక్యం ఊరికి చాలా విలువైన సమాచారం. సర్పంచికి అది రక్షణ కూడా. శాతంలో ఆ వాక్యం ఇమడదు. తెర మీద "కాలేదు" అని మాత్రమే ఉంటుంది, నింద సర్పంచి మీద పడుతుంది, నిధి మళ్లించినవారు ఒడ్డున కూర్చుంటారు. పైవాళ్లకు ఈ పద్ధతి ఎందుకంత ఇష్టమో ఇక్కడ అర్థమవుతుంది.

ఏం చేయాలి

కొత్త చట్టం అక్కర్లేదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షన్‌లోనే గ్రామసభ ముందు ఏమేం పెట్టాలో ఉంది. ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడిచిన సంవత్సరపు పరిపాలన నివేదిక, ఆ తర్వాత కొత్త పనుల కార్యక్రమం. వరస గమనించండి. ముందు గడిచినది, తర్వాత రాబోయేది. మనం రెండోది మాత్రం పట్టుకుని మొదటిదాన్ని పోర్టల్‌కు అప్పగించాం.

బుక్కరాయసముద్రం పంచాయతీ ఆఫీసు గోడ మీద 435 సూచికలు రాయక్కర్లేదు. గ్రామసభ తానే ఎంచుకున్న ఐదారు చాలు, అవి ఏ వరసలో ముఖ్యమో అదే వరసలో. ఏ వీధికి వారంలో ఎన్ని రోజులు నీళ్లొచ్చాయో ఏప్రిల్, మే నెలల లెక్క అందులో తప్పక ఉండాలి. ప్రతి పనికీ ఎదురుగా రెండు గడులు: అయిందా, కాకపోతే ఎందుకు. కాని పనికి ఈ రెండో గడి ఖాళీగా ఉంచితే కొత్త పనికి తీర్మానం ఉండకూడదు. చెరువు విషయంలో ఏడాదికి ఒకసారైనా మన పంచాయతీ, అనంతపురం నగరపాలక సంస్థ, జలవనరుల శాఖ ఇంజినీర్లు ఒకే చోట, కట్ట మీదే కూర్చుని, కట్ట, తూము, మరువ, వంకల స్థితి ఒక్కొక్కటిగా జనం ముందు చెప్పాలి. ఆన్‌లైన్ అంకెలను ఆ సభలో కార్యదర్శి బయటికి చదవాలి. చదివిన ప్రతి అంకెకూ ఆ వీధి మనిషి అవుననో కాదనో చెప్పింది మినిట్స్‌లో రాయాలి.

ఇది చదివే మండలంవాళ్లకు ఒక మాట. వచ్చే గ్రామసభకు వెళ్లండి. కొత్త ప్రణాళిక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. పెట్టకండి. పోయినేటి ప్రణాళిక తెచ్చి, ఒక్కో పనీ చదివి, కానిది ఎందుకు కాలేదో చెప్పమని అడగండి. చెప్పేదాకా కూర్చోండి.